సూదిమందు తర్వాత మళ్లీ వంగిన వేలు

అరచేతి చర్మం కింద పల్చటి గట్టి పొర ఒకటి ఉంటుంది. డుపుయిట్రెన్ జబ్బులో అది అక్కడక్కడ గడ్డకట్టి, క్రమంగా తాడులా పేనుకుని, వేలిని అరచేతి వైపు లాగేస్తుంది. ఎక్కువగా ఉంగరం వేలు, చిటికెన వేలు వంగుతాయి. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి, ముఖం కడుక్కునేటప్పుడు వేలు కంట్లో పొడుచుకునే దాకా చాలామంది పట్టించుకోరు. 1831లో ప్యారిస్ సర్జన్ గియోమ్ డుపుయిట్రెన్ దీనికి ఆపరేషన్ చేసి వివరించాక ఆయన పేరే స్థిరపడింది. ఇది ఉత్తర యూరప్ సంతతివారిలో ఎక్కువ, మన దగ్గర అరుదు. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ముప్పు పెరుగుతుంది.

మెదక్ జిల్లా రేగోడ్‌లో ఎవరి వేలైనా వంగితే ముందు వినిపించే మాట ‘నరం పట్టేసింది’ అనే. కానీ వంగిన వేళ్లన్నీ ఒకే జబ్బు కాదు. కుష్ఠులో నరం దెబ్బతిని వేళ్లు పక్షి గోళ్లలా ముడుచుకుంటాయి, స్పర్శ పోతుంది. షుగర్‌తో కీళ్లు బిగుసుకుంటే నమస్కారం పెట్టినప్పుడు రెండు చేతుల వేళ్లు పూర్తిగా ఆనవు. డుపుయిట్రెన్‌లో అరచేతిలో తాడు చేతికి తగులుతుంది. చేతిని బల్లమీద బోర్లా పెడితే సాపుగా ఆనకపోవడమే డాక్టరును కలవాల్సిన గుర్తు.

ఈ తాడును కోత లేకుండా తెంచడానికి వాడే కొలాజినేజ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. మందును తాడులోకే ఎక్కిస్తారు. అది తాడును మెత్తబరిచాక, ఒకటి నుంచి మూడు రోజుల్లో డాక్టరు వేలిని సాగదీస్తే తాడు పుటుక్కున తెగుతుంది. కోత లేదు, కోలుకోవడమూ త్వరగానే. కానీ తెగిన తాడు చేతిలోనే ఉండిపోతుంది. ఇంజెక్షన్‌తో చక్కబడిన కీళ్లను ఐదేళ్లు గమనిస్తే 47 శాతం మళ్లీ వంగాయి. యూరప్ మార్కెట్ నుంచి 2020లో ఈ మందును కంపెనీ వ్యాపార కారణాలతో వెనక్కి తీసుకుంది.

ఇంజెక్షన్ తర్వాత మళ్లీ వంగిన వేలికి ఆపరేషన్ చేయవచ్చు, అయితే పని కాస్త చిక్కు. మందు, సాగదీత కలిసి లోపల మచ్చకట్టేలా చేస్తే చర్మం, తాడు, స్పర్శ నరాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండవచ్చు. తాడు చుట్టూ మెలిక పడిన నరం తన చోటు వదిలి వేలి మధ్యకు, చర్మం దగ్గరకు జరిగి ఉంటుంది. అందుకే సర్జన్ జిగ్‌జాగ్ కోత పెట్టి, భూతద్దం సాయంతో ముందు నరాలను వెతికి పట్టుకుని, ఆ తర్వాతే తాడును తీస్తాడు. ఈ జబ్బులో అసలు నేర్పు ఇక్కడే కావాలి. చర్మం చాలకపోతే వేరే చోటి చర్మం అతికిస్తారు. వేలి నడిమి కీలు ఏళ్ల తరబడి వంగి ఉంటే, తాడు తీసినా పూర్తిగా తిన్నగా కాకపోవచ్చు.

ఇంజెక్షన్ ఏ కీలుకు, ఎప్పుడు, ఎన్నిసార్లు ఇచ్చారో, అప్పుడు చర్మం చిరిగిందా, తర్వాత తిమ్మిరి మిగిలిందా అన్నవి సర్జన్‌కు చెప్పాలి. రేగోడ్ నుంచి హైదరాబాద్ వెళ్లేవారు పాత కాగితాలన్నీ పట్టుకెళ్లడం మంచిది. ఆపరేషన్ తర్వాత కుట్లు మానేదాకా కట్టు, ఆపై వారాల తరబడి ఫిజియోథెరపీ ఉంటాయి. అవసరమైతే రాత్రిపూట పట్టీ వేస్తారు. జబ్బు స్వభావం మారదు కాబట్టి ఆపరేషన్ తర్వాత కూడా తాడు మళ్లీ పుట్టవచ్చు.