ఇద్దరమ్మాయిల ప్రేమకథను అంత ఇష్టంగా ఎందుకు చదువుతారు?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఫోన్‌లో ఇద్దరు ఆడవాళ్ల ప్రేమ నవలలు తెగ చదువుతోంది. వాటిలో అంతగా ఏముంటుంది? (ఒక తల్లి, జనగామ)

మంచి ప్రశ్న అడిగారమ్మా. మీకు తెలిసిన పుస్తకంతోనే మొదలుపెడదాం. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల్లో వచ్చింది. మీరు చదవకపోయినా మీ అమ్మగారు చదివే ఉంటారు. జయంతి, రాజశేఖరం ఒకరినొకరు ఇష్టపడుతున్నారని చదివేవాళ్లకు ముందే తెలుసు. వాళ్లు మాత్రం ఒప్పుకోరు. పేజీలు తిప్పించేది ఆ ఒప్పుకోకపోవడమే. ప్రేమ బయటపడటానికి పట్టే ఆలస్యంలోనే ప్రేమ నవల ప్రాణం ఉంటుంది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి చూడండి. భూపాలపల్లి బస్టాండులో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి పక్కపక్కన పది నిమిషాలు కూర్చుంటే, వాళ్లకంటే ముందే కబురు ఇంటికి చేరుతుంది. అదే మానుకోట స్టేషన్‌లో ఇద్దరమ్మాయిలు చేతులు పట్టుకుని కూర్చుంటే ఎవరూ తిరిగి చూడరు. ఒకరికొకరు జడ వేసుకున్నా, ఒకే చాప మీద పడుకున్నా ‘దోస్తులు’ అనే అంటారు. ఎవరూ అనుమానించరు కాబట్టి, స్నేహం ఎప్పుడు ప్రేమైందో ఒక్కోసారి ఆ పిల్లలకే తెలియదు. రచయిత్రి దాన్ని చిన్నచిన్న పనుల్లో పట్టుకోవాలి. పాయలు తీస్తున్న చెయ్యి ఉన్నట్టుండి ఆగుతుంది. రెండో పిల్ల వెనక్కి తిరగకుండా, “ఏమైందే?” అంటుంది. “ఏం లేదు, చిక్కు పడింది” అంటుంది మొదటి పిల్ల. చిక్కు లేదని ఆ పిల్లకూ మనకూ మాత్రమే తెలుసు. ఊరంతటికీ తెలియని సంగతి తనకు తెలిసినప్పుడు చదివే మనిషి ఆ పుస్తకాన్ని కింద పెట్టలేరు.

మగవాళ్లను ప్రేమించే ఆడవాళ్లు, పెళ్లయినవాళ్లు కూడా ఈ నవలలు చదువుతారు. నా దృష్టిలో దానికి ముఖ్యమైన కారణం ఇంకొకటుంది. పాత నవలలో కారు, ఆస్తి, కోపం హీరోవి. ఓర్పు, ఆత్మాభిమానం హీరోయిన్‌వి. ఎవరు తగ్గాలో దాదాపు ముందే తేలిపోయి ఉంటుంది. ఇద్దరూ ఆడవాళ్లయినప్పుడు ఆ వాటాలుండవు. మనసులో మాట ముందు ఎవరు చెప్పాలి, ఎవరి ఉద్యోగం కోసం ఎవరు ఊరు మారాలి, పొయ్యి దగ్గర ఎవరు నిలబడాలి, అన్నీ వాళ్లే మాట్లాడి తేల్చుకోవాలి. మన ఇళ్లల్లో జరగని మాటలు అక్కడ వినిపిస్తాయి.

ఇక తన మనసు ఇంకో అమ్మాయి మీదికి పోతోందని తెలుసుకున్న పిల్ల సంగతి. ఎవరితోనూ అనలేని మాట పుస్తకంలో కనిపిస్తే, తను ఒంటరి కాదని తెలుస్తుంది. మీ అమ్మాయి అలాంటిదేనా అంటే, పుస్తకాన్ని బట్టి చెప్పలేం. నవల మనసును మార్చదు కూడా. నిలదీయకండి. “ఏం కథ చదువుతున్నవ్ బిడ్డా?” అని అడిగి, చెప్పినంత వినండి.

ఈ కథల ముగింపు గురించి కూడా చెప్పాలి. ఇంగ్లిష్ రచయిత్రి రాడ్‌క్లిఫ్ హాల్ 1928లో రాసిన ‘ది వెల్ ఆఫ్ లోన్లీనెస్’ నవలను, కథ దుఃఖంతోనే ముగిసినా, లండన్ కోర్టు అశ్లీలమని తేల్చి ప్రతులను ధ్వంసం చేయమంది. అప్పట్లో ఇద్దరు స్త్రీలు ప్రేమించుకున్న కథ చాలావరకు చావుతోనో, పిచ్చితోనో, మగవాడితో పెళ్లితోనో ముగిసేది. 1952లో ప్యాట్రీషియా హైస్మిత్ క్లేర్ మోర్గన్ అనే మారుపేరుతో ‘ది ప్రైస్ ఆఫ్ సాల్ట్’ రాసి, చివర్లో ఇద్దరికీ కలిసి బతికే ఆశ మిగిల్చింది. పాఠకుల నుంచి ఆమెకు కుప్పలుగా ఉత్తరాలు వచ్చాయి.

మన దేశంలో 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదంది. 2023 అక్టోబరులో మాత్రం పెళ్లి హక్కు ఇవ్వలేదు. చట్టం ఇంకా ఇవ్వని ఇంటిని నవల ఇస్తుంది. అందుకే ఈ నవలలు చదివేవాళ్లలో చాలామంది, ఇద్దరూ చివరికి కలిసే ఉంటారా అని ముందే కనుక్కుని మొదలుపెడతారు.