సముద్రంలో నది: విశాఖ తీరపు ప్రవాహాలను కొలిచిన తీరు

విశాఖ మీద వచ్చిన కథల్నీ కవితల్నీ ఒకచోట పోగేసి చూస్తే సముద్రం లేనివి అరుదు. అయితే ఆ సముద్రం దాదాపు ఎప్పుడూ కెరటమే. లేస్తుంది, గర్జిస్తుంది, ఒడ్డుకి తల బాదుకుంటుంది. అది మనుషుల్నీ పడవల్నీ ఎటు తీసుకుపోతుందన్న ప్రశ్న మన రచనల్లో చాలా తక్కువ. వేటకు పోయేవాడికి మాత్రం ముందు కావలసింది ఆ ప్రశ్నకు జవాబే.

ఒక కథ రాస్తున్నామనుకుందాం. నవంబరులో పెదజాలారిపేట నుంచి వెళ్ళిన బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోయింది. నాలుగు రోజుల తర్వాత బోటు ఒరిస్సాలో గోపాల్‌పూర్ దగ్గర తేలిందని రాశాం. అందులో ఎంత సానుభూతి ఉన్నా ఆ కథలో సముద్రం అబద్ధం. మామూలుగా నవంబరులో అక్కడి నీళ్ళు కాకినాడ, మచిలీపట్నం వైపు పోతాయి. అదే మార్చి నెల అయితే కథ నిలబడేది. వాస్తవికత గురించి ఇన్ని చర్చలు చేసిన మనం ఈపాటి వాస్తవాన్ని పట్టించుకోకపోతే ఎలా?

ముందుగా కెరటానికీ ప్రవాహానికీ ఉన్న తేడా తేల్చుకోవాలి. లోతు నీటిలో కెరటం సాగినప్పుడు ముందుకు పోయేది ఆకారమూ శక్తీ. నీరు మాత్రం గుండ్రంగా తిరిగి దాదాపు ఉన్నచోటికే వస్తుంది. వల బెండు లేచి దిగటం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. ఒడ్డు దగ్గర ఏటవాలుగా విరిగే కెరటాల సంగతి వేరు. అవి ఇసుకని తీరం వెంబడి తోస్తాయి. 1933లో తెరిచిన విశాఖ రేవు ముఖద్వారాన్ని కాపాడటానికి రెండు పాత ఓడల్ని ముంచి అడ్డుగట్టు వేయవలసి వచ్చింది కూడా ఇందుకే. మనం మాట్లాడుకుంటున్నది ఈ ఇసుక నడక గురించి కాదు, ఒడ్డు దాటాక పదుల కిలోమీటర్ల వెడల్పున సాగే నీటి గురించి.

దాన్ని శాస్త్రజ్ఞులు తూర్పు భారత తీర ప్రవాహం అంటారు. ఫిబ్రవరి నుంచి అది ఈశాన్యంగా పోతుంది. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఉధృతమై ఒక్కోసారి సెకనుకి మీటరు వేగం అందుకుంటుంది, అంటే రోజుకి 86 కిలోమీటర్లు. నైరుతి రుతుపవనాల కాలంలో బలం తగ్గి, ఒకచోట ఒకలా ఇంకోచోట ఇంకోలా ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వెనక్కి తిరిగి నైరుతి దిశగా సాగుతుంది. అట్లాంటిక్‌లోని గల్ఫ్ స్ట్రీమ్ ఏడాది పొడుగునా ఒకే దిక్కుకి పోతుంది. మనది రుతువుతోపాటు దిక్కు మార్చుకుంటుంది.

దీన్ని లెక్కగా రాసిపెట్టినవాళ్ళలో ముందువాళ్ళు ఓడల వాళ్ళే. ఓడ వేగాన్నీ దిశనీ బట్టి ఫలానాచోట ఉండాలి. నక్షత్రాలు చూస్తే ఇంకోచోట ఉంది. ఆ తేడా ప్రవాహం చేసిన పని. మన ఉక్కు కర్మాగారానికి విదేశాల నుంచి కోకింగ్ బొగ్గు తెచ్చే ఓడకైనా ఈ తోపుడు తప్పదు. అలాంటి పద్దులు ఏళ్ళ తరబడి బ్రిటిష్ వాతావరణ శాఖ దగ్గర పోగుపడ్డాయి. కట్లర్, స్వాలో అనేవాళ్ళు 1984లో వాటినుంచి హిందూ మహాసముద్రపు ప్రవాహాల పటాలు తయారుచేశారు. మన సరుకులు మోసుకుపోయిన ఓడల పద్దుల్లోంచి మన సముద్రపు పటం పుట్టిందన్నమాట! ఇక్కడ నీళ్ళలోకి దిగి కొలిచే పని 1950ల తొలి రోజుల్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మొదలుపెట్టింది. అమెరికా నుంచి వచ్చిన యూజీన్ లాఫాండ్ విద్యార్థుల్ని వెంటబెట్టుకుని నౌకాదళపు ఓడల మీద తిరిగి, వేసవిలో వాల్తేరు ఎదుట అడుగునీరు పైకి ఉబికి రావటాన్ని నమోదు చేశాడు.

తర్వాత తేలే బోయాలు వచ్చాయి. పైన చిన్న గుండ్రటి బుంగ, దానికి తాడు, తాడు చివర చిల్లులున్న పొడుగాటి గుడ్డగొట్టం. గొట్టం సుమారు 15 మీటర్ల లోతున వేలాడుతుంది. బుంగ ఒక్కటే ఉంటే గాలి ఎటు తోస్తే అటు పోతుంది. గొట్టం నీటిని పట్టుకుంటుంది కనుక నీటితోనే నడుస్తుంది. తానెక్కడున్నదీ ఉపగ్రహానికి చెబుతూ పోతుంది. గొట్టం తెగిపోతే ఆ బోయా మాట అలాగే నమ్మకూడదు, అది గాలి మాట కావచ్చు. (గాలివాటు విమర్శకులు ఇక్కడ నొచ్చుకోనక్కరలేదు.)

ఉపగ్రహం చేసే పని ఇంకో రకం. అది నీటి నడకని చూడదు, నీటిమట్టం కొలుస్తుంది. రాడార్ స్పందనను కిందికి పంపి, తిరిగి రావటానికి పట్టిన కాలాన్ని బట్టి ఎత్తు లెక్కకడుతుంది. సముద్రం పళ్ళెంలో నీరులా చదునుగా ఉండదు. దానికి చాలా పల్చని వాలులున్నాయి. నీరు వాలు దిగబోతుంది. భూమి తిరుగుతున్నందువల్ల మన అర్ధగోళంలో కుడికి మళ్ళుతుంది. చివరకు మెరకని కుడిచేతి వైపు ఉంచుకుని వాలుకి అడ్డంగా సాగుతుంది. విశాఖ అక్షాంశం దగ్గర వంద కిలోమీటర్లకి పది సెంటీమీటర్ల వాలుంటే నీరు సెకనుకి సుమారు 22 సెంటీమీటర్లు, రోజుకి 19 కిలోమీటర్లు పోతుంది. జానెడు కూడా లేని ఎత్తు తేడా! విశాఖ రేవులో నీటిమట్టం అక్టోబరు, నవంబరు నెలల్లో హెచ్చుగా, మార్చిలో తగ్గి ఉండటానికీ ఈ ప్రవాహం దిక్కుకీ పొత్తు కుదురుతుంది.

1992లో ఎగిరిన టోపెక్స్/పొసైడాన్ ఉపగ్రహం కొలతలతో బంగాళాఖాతం ఏడాది నడక ఒక్కసారిగా కనబడింది. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి పంపిన భారత, ఫ్రాన్సు దేశాల ఉమ్మడి ఉపగ్రహం సరళ్‌లో ఎత్తు కొలిచే పరికరమూ, బోయాల కబురు అందుకునే పరికరమూ రెండూ పెట్టారు.

ఈ కొలతల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది గాలి సంగతి. మన తీరం వెంబడి నైరుతి గాలి జూన్ తర్వాత బలంగా వీస్తుంది. ప్రవాహం ఉధృతమయ్యేది అంతకు ముందే, గాలి ఇంకా పుంజుకోని మార్చిలో. కారణం నెత్తిమీది గాలి ఒక్కటే కాదు. బంగాళాఖాతం మొత్తం మీద గాలి తిప్పే తిప్పు ఉంది. భూమధ్యరేఖ దగ్గర గాలులు పుట్టించిన కెల్విన్ తరంగాలున్నాయి. అవి సుమత్రా, బర్మా తీరాల వెంట చుట్టి కొన్ని వారాలకి మనదాకా వస్తాయి. ఒడ్డున నిలబడ్డ కంటికి అవి ఆనవు.

ఉపగ్రహానికీ ఒక చిక్కుంది. తీరానికి దగ్గరయ్యేకొద్దీ రాడార్ కొలతలో నేల కలిసిపోతుంది, లెక్క చెడుతుంది. తెప్పలూ చిన్న బోట్లూ ఎక్కువగా తిరిగే నీరు అదే. తప్పిపోయిన బోటు కోసం ఎటు వెతకాలో హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ప్రవాహాల అంచనాలతో లెక్కకట్టి చెబుతుంది. బోటు ఆఖరిసారి ఎక్కడ, ఏ వేళ కనిపించిందో ఒడ్డునున్నవాళ్ళు చెబితేనే ఆ లెక్క మొదలవుతుంది.

ఆ దగ్గరి నీటి గురించి గొప్ప సంగతి ఒకటి చాలా చవకగా తెలిసింది. 2005 మే నుంచి జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ దేశపు తీరం మీద ఎనిమిది చోట్ల జాలరుల చేత అయిదు రోజులకోసారి, మోకాటి లోతులో, సముద్రపు నీటిని పట్టించింది. ఆ నీళ్ళలో ఉప్పు కొలిచారు. రుతుపవనాల ఆఖరుకి బంగాళాఖాతం ఉత్తరభాగంలో ఉప్పు కిలోకి పది గ్రాములకి పైగా పడిపోయింది. గంగా బ్రహ్మపుత్రల వరద అది. ఆ తేటనీరు వంద కిలోమీటర్ల వెడల్పు పట్టీగా తీరాన్ని ఒరుసుకుంటూ విశాఖ మీదుగా దిగి, రెండున్నర నెలల్లో దేశపు దక్షిణ కొసకి చేరింది. ఉపగ్రహాలు చెప్పిన ప్రవాహం వేగమూ దీనికి సరిపోయింది. 2014లో అచ్చైన ఆ వ్యాసం దీన్ని సముద్రంలో నది అన్నది. వ్యాసం శీర్షికలో జాలరులున్నారు, రచయితల వరసలో లేరు.

ఉప్పు తక్కువైన నీరు తేలిక. అది పైనే పరుచుకుంటుంది, కింది చల్లనీటితో సులువుగా కలవదు. అందుకే వరదనీరు పరుచుకున్న చోట తుపాను ఎంత చిలికినా పైనీరు త్వరగా చల్లబడదు. తుపానుకి బలమిచ్చేది ఆ వేడే. విశాఖ మీద హుద్‌హుద్ విరుచుకుపడిన 2014 అక్టోబరు 12 కూడా ఆ నది కిందికి దిగే రోజుల్లోదే.