సీసా మూత తీయకముందే తేలాలి

2025 సెప్టెంబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో జలుబుకూ దగ్గుకూ మందు తాగిన పసివాళ్లకు మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు పాడై ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లు తాగిన కోల్డ్‌రిఫ్ సిరప్ తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో తయారైంది. అక్టోబరు మొదట్లో తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాల ఆ మందు ఎస్‌ఆర్-13 బ్యాచ్‌ను పరీక్షిస్తే 48.6 శాతం డైఎథిలిన్ గ్లైకాల్ బయటపడింది. ఉండదగ్గ హద్దు 0.1 శాతం. అంటే సీసాలో దాదాపు సగం విషమే. మధ్యప్రదేశ్ నుంచి కబురు అందాక నమూనా తీసి ఫలితం చెప్పడానికి పట్టింది ఒకటి రెండు రోజులు. ఆ బ్యాచ్ తయారైంది మే నెలలో. ఆ ఒకటి రెండు రోజుల పని మేలోనే జరిగి ఉంటే ఆ పిల్లలు బతికేవారు. మందుల నాణ్యత మీద ప్రభుత్వ అజమాయిషీ గురించి మాట్లాడాల్సింది ఇక్కడి నుంచే.

ఈ విషం మందులోకి వచ్చే దారి కొత్తదేమీ కాదు. సిరప్‌లో మందు కరగడానికి ప్రొపిలిన్ గ్లైకాల్ వంటి ద్రావకం కావాలి. డైఎథిలిన్ గ్లైకాల్ కూడా చూడ్డానికి అలాగే ఉంటుంది: రంగు లేదు, చిక్కగా ఉంటుంది, తియ్యగా ఉంటుంది. బ్రేక్ ఆయిల్‌లో, రెజిన్లలో వాడే సరుకు కాబట్టి చవక కూడా. డ్రమ్ములు వ్యాపారుల చేతులు మారుతూ వచ్చేటప్పుడు ఏది ఏదో కంటితో గానీ నాలుకతో గానీ తేల్చలేం. కనుక దాన్ని పట్టుకోవాల్సిన చోటు ఫ్యాక్టరీ గేటు, డ్రమ్ము దిగిన రోజు. 1940 నాటి మందుల చట్టం కింద ఉన్న నిబంధనలు చెప్పేదీ ఇదే: ముడిసరుకు ప్రతి బ్యాచ్‌నూ, తయారైన మందు ప్రతి బ్యాచ్‌నూ తయారీదారే పరీక్షించాలి. ఛింద్వాడా తర్వాత కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ రాష్ట్రాలకు రాసిన లేఖలో, తనిఖీ చేసిన కంపెనీల్లో ఈ పరీక్షలు సరిగా జరగడం లేదని ఒప్పుకుంది. చట్టానికి కొదవ లేదు. అది అమలవుతోందో లేదో ముందుగా చూసే ఏర్పాటుకే కొదవ.

1937లో అమెరికాలో ఇదే రసాయనంలో కరిగించి అమ్మిన ఎలిక్సిర్ సల్ఫనిలమైడ్ వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అప్పటి చట్టంలో విషం కలిపినందుకు శిక్ష లేదు. ఆల్కహాల్ లేని మందును ‘ఎలిక్సిర్’ అని పిలిచారన్న పేరు తప్పు మీదే సీసాలను జప్తు చేయాల్సి వచ్చింది. ఆ సిగ్గుతో అమెరికా మరుసటి ఏడాదే, అమ్మకానికి ముందే భద్రతను రుజువు చేయాలని చట్టం తెచ్చింది. మనకు ఇదే విషం 1972లో చెన్నైలో, 1986లో ముంబయి జేజే ఆసుపత్రిలో, 1998లో గుర్‌గావ్‌లో, 2020లో జమ్మూలోని ఉధంపూర్‌లో ప్రాణాలు తీసింది. ప్రతిసారీ విచారణలు, అరెస్టులు, లైసెన్సు రద్దులు. అవన్నీ మరణాల తర్వాతి పనులు.

ముందు పరీక్ష సాధ్యం కాదనే మాట నిలవదు. 2022లో గాంబియాలో 66 మంది పిల్లల మరణాలను భారత్‌లో తయారైన సిరప్‌లతో ముడిపెట్టి ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించాక, 2023 జూన్ 1 నుంచి ఎగుమతి అయ్యే దగ్గు సిరప్‌లకు ప్రభుత్వం గుర్తించిన ప్రయోగశాలలో పరీక్ష తప్పనిసరి చేశారు. ఓడ ఎక్కే సీసాకు ఉన్న ఆ రక్షణ ఛింద్వాడా దుకాణానికి చేరే సీసాకు లేదు. ఇది నాకు ఏ విధంగానూ సమర్థించలేని తేడాగా కనిపిస్తుంది. విదేశాల్లో పరువు కోసం చేయగలిగింది ఇంట్లో పిల్లల కోసం చేయలేమా?

చిన్న పరిశ్రమలు ఖర్చు భరించలేవంటారు. ఆ బాధ నిజమే. గ్యాస్ క్రొమటోగ్రఫీ యంత్రం ఖరీదైనదే. కానీ తొలి వడపోతకు చవకైన పలుచని పొర క్రొమటోగ్రఫీ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే ప్రచురించింది. పారిశ్రామికవాడకు ఒక ఉమ్మడి ప్రయోగశాల పెట్టి ప్రభుత్వం సాయపడవచ్చు. పరీక్షే చేయించలేని కంపెనీ సిరప్ తయారు చేయకూడదు. ఇక ఇన్‌స్పెక్టర్ల పెత్తనం పెరుగుతుందన్నది రెండో అభ్యంతరం. బ్యాచ్ నంబరు కొడితే పరీక్ష ఫలితం ఎవరికైనా కనిపించేలా ఇంటర్నెట్‌లో పెడితే అధికారి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. ఫలితం దొరకని సరుకును దుకాణదారే వెనక్కి పంపుతాడు. లైసెన్సులిచ్చే అధికారం రాష్ట్రాలది కాబట్టి ఈ పని ఢిల్లీ కోసం ఆగనక్కర్లేదు. ఎస్‌ఆర్-13 బ్యాచ్ వాడొద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ విభాగం 2025 అక్టోబరులో హెచ్చరిక ఇచ్చింది. మందుల తయారీకి పేరుపడ్డ హైదరాబాద్ ఉన్న రాష్ట్రం, ఫలితాలు బయటపెట్టడంలోనూ ముందుండాలి.

ఆ రోజు వచ్చేదాకా తల్లిదండ్రులకు ఒక మనవి. రెండేళ్లలోపు పిల్లలకు జలుబు, దగ్గు మందులు ఇవ్వొద్దనీ, ఐదేళ్లలోపు వారికి మామూలుగా అవి అవసరం లేదనీ కేంద్ర ఆరోగ్యశాఖే చెప్పింది. డాక్టరు రాసి కొనాల్సి వస్తే సీసానూ బిల్లునూ దాచండి. మందు తాగాక బిడ్డకు మూత్రం తగ్గితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ఆ సీసా డాక్టరుకు చూపించండి.