కుడినుండి చదవవలసిన చిరునామా

గద్వాల చీర కొనేవారు రంగును చూసి మాత్రమే తృప్తిపడరు. నూలు నేత, పట్టు అంచు కలిసే చోటును వేళ్లతో తడిమి, చీరను తిరగవేసి పరీక్షిస్తారు. అంతర్జాలంలో సరుకు కొనేటప్పుడు మనం ఆ పరీక్షను మరచిపోతున్నాం. 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలకు నేడు అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సరుకులు చేరుతున్నాయి. మన విద్యార్థివేతనమూ, తల్లిదండ్రుల పంట సొమ్మూ బ్యాంకు ఖాతాలలోనే జమ అవుతున్నాయి. కనుక ఒక్క దొంగ ఈమెయిలును నమ్మితే పోయేది ఒక సంవత్సరపు చదువు, ఒక కుటుంబపు కష్టార్జితం.

ప్రసిద్ధ సంస్థ పేరు పెట్టుకొని లేఖ పంపి, ఖాతా రహస్యాలను రాబట్టే మోసానికి ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టడమనే ఆంగ్లపదానికి ఇది మారురూపం. 1990వ దశకంలో అమెరికాలో వ్యాప్తిలోకి వచ్చింది. గాలానికి గుచ్చే ఎరలు కొన్నే. "మీ ఆర్డరు నిలిచిపోయినది", "వాపసు సొమ్ము సిద్ధముగా నున్నది", "పండుగ బహుమతి మీకు లభించినది", "నేడే స్పందించనిచో ఖాతా మూతపడును". ఆశ, భయం, తొందర అనే మూడింటిలో ఒక్కటైనా లేని దొంగలేఖ అరుదు.

లేఖపై సంస్థ పేరు, ముద్ర ఉన్నంతమాత్రాన నమ్మరాదు. పోస్టుకార్డుపై పంపినవారిగా ఎవరి పేరైనా వ్రాయవచ్చు కదా! 1982నాటి ఈమెయిలు నియమాలలోనూ ఆ పేరును నిర్ధారించే ఏర్పాటు లేదు. తరువాత తనిఖీలు చేర్చినా, కొన్ని మోసలేఖలు వాటిని దాటి వస్తూనే ఉన్నాయి.

కావున లేఖలోని లంకె చిరునామాను చదవడం నేర్వాలి. జంట వాలుగీతల తరువాత మొదలై, మరల వచ్చే ఒంటి వాలుగీతతో ముగిసే భాగమే ముఖ్యం. దానిని కుడినుండి ఎడమకు చదవాలి. ఉర్దూ లిపి నేర్చిన మన విద్యార్థులకు ఇది కొత్త విద్య కాదు. 'అమెజాన్ డాట్ ఇన్' అని ముగిసి, 'అమెజాన్' కు ముందు చుక్క తప్ప మరే అక్షరమూ, గీతా అంటుకొని లేకుంటే అది ఆ సంస్థదే. 'అమెజాన్ డాట్ ఇన్ డాట్ ఫలానా డాట్ కామ్' అని ఉంటే దాని యజమాని ఫలానావాడే గాని అమెజాన్ కాదు. ఆంగ్లపు 'ఎం' అక్షరానికి బదులు 'ఆర్', 'ఎన్' లను పక్కపక్కన పెట్టి కన్నుగప్పేవారూ ఉన్నారు. తాళం గుర్తు సమాచారం దారిలో బయటపడదని చెబుతుందే గాని, చేరేచోట దొంగ లేడని చెప్పదు.

అన్నిటికంటె క్షేమకరమైన మార్గం ఒకటి కలదు. లేఖలోని లంకెను నొక్కక, సంస్థ యాప్‌ను మనమే తెరిచి ఆర్డర్ల పట్టికను చూడాలి. లేఖలోని మాట నిజమైతే అక్కడా కనిపిస్తుంది. ఓటీపీని ఎవరికీ చెప్పరాదు. సొమ్ము స్వీకరించడానికి యూపీఐ పిన్ అవసరమే లేదు.

మోసపోయినవారు సిగ్గుపడి దాచరాదు. వెంటనే బ్యాంకుకూ, 1930 నంబరుకూ తెలపాలి. ఖాతాదారు తానే రహస్యం చెప్పి నష్టపోతే, బ్యాంకుకు తెలిపేవరకు జరిగిన నష్టం అతనిదేననీ, తెలిపిన తరువాతిది బ్యాంకుదనీ రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఉత్తర్వులో పేర్కొన్నది. అనగా ప్రతి నిమిషమూ విలువైనదే. కంప్యూటరు ద్వారా పరుల వేషం వేసి మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం 66డి సెక్షను 3 సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధిస్తున్నది.

మన ఇండ్లలో ఫోను ఉండి అక్షరజ్ఞానం లేని పెద్దలు అనేకులు. వారికి వచ్చిన లేఖను చదివిపెట్టేది మనమే. వారి సొమ్ముకు కావలి కాయవలసిన బాధ్యత కూడా మనదే.