ఆరు నిమిషాల పాఠం, అసలు ఖర్చు

వీడియో పాఠం ఎంతసేపుంటే చూస్తారు? దీనికి అంకెల్లో జవాబు దొరికి పదేళ్లు దాటింది. ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ అనే ముగ్గురు పరిశోధకులు ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలోని నాలుగు కోర్సులు తీసుకుని, అందులోని 862 వీడియోలను విద్యార్థులు ఎలా చూశారో లెక్కగట్టారు. మొత్తం 69 లక్షల వీక్షణలు. 2014లో వాళ్లు తేల్చింది ఇదీ: వీడియో ఎంత పొడవున్నా, మధ్యరకం విద్యార్థి దాని ముందు నిలిచేది మహా అయితే ఆరు నిమిషాలు. తొమ్మిది నుంచి పన్నెండు నిమిషాల వీడియోల్లో చాలామంది సగం కూడా దాటలేదు. ఖరీదైన స్టూడియోలో తీసిన పాఠం కన్నా, మాస్టారు తన బల్ల దగ్గర కూర్చుని మామూలుగా మాట్లాడిన పాఠాన్నే జనం ఎక్కువసేపు చూశారన్నది అందులోనే ఉన్న ఇంకో సంగతి. దాన్ని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోలేదు.

ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యాలను చిట్టి వీడియోలుగా అమ్మే స్టార్టప్‌లకు ఆ ఆరు నిమిషాలే తారకమంత్రమైంది. డబ్బు కూడా వచ్చింది. లిండా వైన్‌మన్, బ్రూస్ హెవిన్ దంపతులు 1995లో మొదలుపెట్టిన లిండా డాట్ కామ్‌ను 2015లో లింక్డ్ఇన్ 150 కోట్ల డాలర్లకు కొన్నది. నిమిషం పాఠాలతో పేరు తెచ్చుకున్న న్యూయార్క్ కంపెనీ గ్రోవో 2018లో కార్నర్‌స్టోన్ చేతికి పోయింది 2.4 కోట్ల డాలర్లకే. మన వైపు చూస్తే, రాహుల్ అత్తులూరి, శశాంక్ రెడ్డి గుజ్జుల, అనుపమ్ పెదర్ల కలిసి హైదరాబాద్‌లో పెట్టిన నెక్స్ట్‌వేవ్ 2023 ఫిబ్రవరిలో 3.3 కోట్ల డాలర్లు సమీకరించింది. కొచ్చికి చెందిన ఎంట్రి మలయాళంతో పాటు తెలుగులోనూ కోర్సులు అమ్ముతోంది. ఎవరికెంత పెట్టుబడి వచ్చిందో చెప్పడానికి పత్రికలున్నాయి. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసలో డిగ్రీ చదివి, అక్కడి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో పలాస–విశాఖ ప్యాసింజర్ ఎక్కి ఇంటర్వ్యూకి వెళ్లే కుర్రాడికి కావలసిన లెక్క వేరు. ఆ కోర్సు కొంటే నాకు పని వస్తుందా?

ముందు డేటా సంగతి తేల్చేద్దాం. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున నడిచే వీడియో ఆరు నిమిషాలకు తీసుకునేది 45 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకు వేసుకున్నవాడు రోజూ ముప్ఫై పాఠాలు చూడొచ్చు. ముప్ఫై పాఠాలంటే మూడు గంటలు, అంటే కోర్సు మొత్తం. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక ఈ అడ్డం దాదాపు తొలగిపోయినట్టే. నెట్ లేక నేర్చుకోలేదన్న మాట ఇప్పుడు కొండ మీది ఏజెన్సీ గూడేలకు వర్తిస్తుంది గానీ రైల్వే లైను పక్క ఊళ్లకు వర్తించదు.

మరి అడ్డం ఎక్కడుంది? జస్టిన్ రైక్, హోసే రూయిపెరేస్ వాలియెంతే 2019 జనవరిలో సైన్స్ పత్రికలో రాసిన వ్యాసం చూడండి. హార్వర్డ్, ఎంఐటీలు ఆరేళ్లపాటు ఎడెక్స్‌లో నడిపిన కోర్సుల లెక్క అది. 56 లక్షల మంది చేరినవి. పేరు నమోదు చేసుకున్నవాళ్లలో 52 శాతం మంది కోర్సు తలుపే తెరవలేదు. 2017–18లో పూర్తి చేసినవాళ్లు 3.13 శాతం. అంటే వెయ్యి మంది చేరితే 480 మంది లోపలికి తొంగి చూశారు, 31 మంది చివరిదాకా వచ్చారు. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 శాతం పూర్తి చేశారు. స్టార్టప్‌ల ప్రకటనల్లో ఈ రెండో అంకె లాంటిదే కనిపిస్తుంది. డబ్బు కట్టినవాడు అప్పటికే గట్టిగా అనుకున్నవాడు. ఆ ఘనతలో సగం వాడిదే, కంపెనీది కాదు.

పూర్తి చేయడం ఒకటి, వంటబట్టడం ఒకటి. రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వవేత్తలు 2006లో చేసిన ప్రయోగంలో ఒక గుంపు ఒకే పాఠాన్ని నాలుగుసార్లు చదివింది. ఇంకో గుంపు ఒక్కసారి చదివి, చూడకుండా మూడుసార్లు గుర్తుచేసుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి: 83 శాతం, 71 శాతం. వారం తర్వాత తిరగబడింది. చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, రాసినవాళ్లకు 61. వీడియో చూడగానే ‘అర్థమైపోయింది’ అనిపించే హాయి ఉంది చూశారూ, అదే ఆ 83. వారం తిరిగాక ఆఫీసులో ఎక్సెల్ షీటు ముందు కూర్చున్నప్పుడు చేతికొచ్చేది మాత్రం 40.

ఈ తేడాను పట్టించుకుని కట్టిన పాఠాలు మన దేశంలోనే ఉన్నాయి, అదీ ఉచితంగా. ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ కన్నన్ మౌద్గల్య నడిపించిన స్పోకెన్ ట్యుటోరియల్ ప్రాజెక్టులో ఒక్కో వీడియో పది నిమిషాల చుట్టూ ఉంటుంది, తెలుగులోనూ దొరుకుతుంది. కంప్యూటర్ తెరను రెండు భాగాలు చేసి, ఒక పక్క వీడియో, ఇంకో పక్క అసలు సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకోమంటారు. వీడియోలో గొంతు ‘ఫైల్ మెనూ నొక్కండి’ అంటుంది. ఆపి, మీరు మీ పక్క నొక్కాలి. రాలేదా, వెనక్కి తిప్పి మళ్లీ వినాలి. గొంతు తెలుగు, తెర మీద మెనూలు ఇంగ్లిష్. రేపు ఉద్యోగంలో ఎదురయ్యేది ఇంగ్లిష్ మెనూనే కాబట్టి దాన్ని కావాలనే అలా వదిలేశారు. ఇంకో నియమం నాకు బాగా నచ్చింది: స్క్రిప్టు రికార్డు చేయకముందే, ఆ విషయం బొత్తిగా తెలియనివాడికి ఇచ్చి, చదివి చేయగలిగాడా అని చూస్తారు. డబ్బు తీసుకునే కంపెనీల్లో ఎన్ని ఈ పని చేస్తున్నాయో అడిగి చూడాల్సిందే.

అయినా కంప్యూటరు పని వేరు, చేతిపని వేరు. 2022–23 శ్రామిక సర్వే ప్రకారం దేశంలో 15–29 ఏళ్ల వాళ్లలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవాళ్లు 4.4 శాతమే, ఇంట్లోనో పనిలోనో చూసి నేర్చుకున్నవాళ్లు 16.6 శాతం. ఆమదాలవలస నుంచి విశాఖ వైపు దూసి దాటితే పొందూరు. అక్కడ ఖాదీకి పత్తిని ఏకేది వాలుగ చేప దవడతో. దవడకున్న సన్నటి పళ్లు పత్తిని దువ్వుతాయి, చెత్త రాలిపోతుంది. పళ్లు ఎక్కడ ఆనించాలో వీడియో చూపిస్తుంది. ఎంత నొక్కాలో వేళ్లకు తెలియాలంటే పక్కన పెద్దావిడ కూర్చుని చెయ్యి పట్టుకోవాలి. పలాస జీడిపప్పు ఒలవడమూ అంతే, పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలో గౌను తొడుక్కునే క్రమం మాత్రం అలా కాదు. దాన్ని ఆరు నిమిషాల్లో చక్కగా నేర్పొచ్చు. ఏ పనికి వీడియో చాలుతుందో చెప్పకుండా అన్నీ నేర్పేస్తామనే వాళ్లతో జాగ్రత్తగా ఉండటం మంచిది.

‘పక్కన ఒక మనిషి’ అనేదాన్ని లెక్కగట్టి చూసినవాళ్లు ఒకరున్నారు. బెంగళూరు మైక్రోసాఫ్ట్ పరిశోధన కేంద్రంలో 2006లో రికిన్ గాంధీ మొదలుపెట్టిన డిజిటల్ గ్రీన్ అది. 2008లో విడి సంస్థ అయింది. రైతుల చేత రైతులకే చిన్న వీడియోలు తీయించి ఊళ్లో చూపించడం వాళ్ల పని. ప్రదర్శనకు ఊరి మనిషి ఒకరు ఉంటారు. మధ్యలో వీడియో ఆపుతారు, ‘మన దగ్గర ఇది కుదురుతుందా’ అని అడుగుతారు, ఎవరొచ్చారో, ఎవరు ఏం అడిగారో పుస్తకంలో రాస్తారు, తర్వాత చేశారో లేదో వెళ్లి చూస్తారు. చూసేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఎరువు గురించి కాదట. ఆ వీడియోలో ఉన్నది ఎవరు, ఏ ఊరు అని.

పదహారు ఊళ్లు, 1,470 ఇళ్లు, పదమూడు నెలల ప్రయోగం. సగం ఊళ్లలో మామూలు వ్యవసాయ విస్తరణ, సగం ఊళ్లలో ఈ పద్ధతి. 2009లో ప్రచురించిన ఫలితం ప్రకారం కొత్త పద్ధతిని పొలంలో పెట్టినవాళ్లు ఆరేడు రెట్లు పెరిగారు. పెట్టిన ప్రతి రూపాయికీ ఫలితం మామూలు పద్ధతి కన్నా కనీసం పది రెట్లు. ఊరికి పెట్టిన సామాను ఒక టీవీ, ఒక డీవీడీ ప్లేయరు. కెమెరా, కంప్యూటరు అన్ని ఊళ్లకూ కలిపి ఒక్కొక్కటే. ఎంతమంది చూశారన్నది కాకుండా, చూసి ఎంతమంది చేశారన్నది కొలవడమే ఇందులో నాకు గొప్పగా కనిపించేది. తర్వాత మన రాష్ట్రంలోనూ రైతు సాధికార సంస్థ ప్రకృతి సేద్యం పనిలో చేతిలో పట్టే పికో ప్రొజెక్టర్లతో ఊళ్లలో ఇలాంటి వీడియోలు ఆడించారు.

ఆమదాలవలసకు ఇందులో అనుకూలం ఉంది. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కృషి విజ్ఞాన కేంద్రం, గోగు నార రకాల మీద పనిచేసే పరిశోధన స్థానం ఇక్కడే ఉన్నాయి. డ్వాక్రా సంఘాలున్నాయి, వాటి పని చూసే యానిమేటర్లున్నారు. వీడియో ఎక్కడ తీసినా, ఆపి అడిగే మనిషి దొరుకుతారు.

ఖర్చు ఎంతవుతుందో ఊహ లెక్క ఒకటి వేద్దాం. ముప్ఫై వీడియోల కోర్సు తయారీకి మూడు లక్షలైందనుకోండి. వెయ్యి మంది చేరి, పైన చెప్పిన 3.13 శాతం లెక్కన 31 మంది పూర్తి చేస్తే ఒక్కొక్కరికి పడిన ఖర్చు 9,677 రూపాయలు. ఇప్పుడు నెలకు 12,000 ఇచ్చి మూడు నెలలకు ఒక అమ్మాయిని పెట్టారు, అదనం 36,000. ఆమె వారానికోసారి ఇరవై మందిని ఒకచోట కూర్చోబెట్టి, వీడియో ఆపి, చేసి చూపించమని అడుగుతుంది. ఆ ఇరవై మందిలో, ఆమె లేకపోతే మధ్యలో వదిలేసేవాళ్లు నలుగురు పూర్తి చేస్తే ఆమె జీతం గిట్టిపోతుంది.