ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు: దేశముల కృషిని కొలుచు టెట్లు?

మన అచ్చంపేటకు చేరువనున్న అమ్రాబాదు అడవిలోని పులులను పూర్వము అడుగుజాడలను బట్టి లెక్కించెడివారు. ఒకే పులి పలుచోట్ల జాడలు విడుచును గావున ఆ లెక్కలలో పొరపాట్లు దొరలుచుండెను. 2006వ సంవత్సరపు గణనము మొదలుకొని కెమెరాలతో చిత్రములు దీసి, చారలను బట్టి యే పులి కా పులిని గుర్తించు పద్ధతి మనదేశమున నమలులోనికి వచ్చినది. సాఫ్ట్‌వేరు విషయమునను ఇట్టి చిక్కే కలదు.

దేని మూలలిపిని ఎవరైనను చదివి, దిద్ది, ఇతరులకు పంచవచ్చునో దానిని ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరందురు. 1991లో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఇందుకు ప్రసిద్ధోదాహరణము. ఇట్టి పని విశేషముగా జరుగు గిట్‌హబ్ అను వేదిక 2008లో వెలసినది. ఆ సంస్థవారు 2023 నుండి దేశములవారీ లెక్కలను పట్టికలుగా ప్రకటించుచున్నారు.

వారి 2023 నివేదిక ననుసరించి అమెరికాలో 2 కోట్ల 2 లక్షలమందియు, భారతదేశమున 1 కోటి 32 లక్షలమందియు ఆ వేదికపై నుండిరి. మొత్తమును జూచిన మనది రెండవ స్థానము. జనసంఖ్యతో భాగించిచూచిన అచట వేయిమందికి సుమారు 60 మందియు, మనకు 9 మందియు తేలుదురు. రెండు లెక్కలును సత్యములే. అడిగిన ప్రశ్నలు మాత్రము వేరు.

ఇంతకును ఖాతా తెరచిన ప్రతివాడును పనివాడు కాడు. పంపిన మార్పులను లెక్కింతమన్న, ఒక అక్షరదోషమును దిద్దుటయు నెలదినముల శ్రమయు నొక్కొక్కటిగానే గణింపబడవచ్చును. మెచ్చినవా రిచ్చు నక్షత్రములు ప్రజాదరణమును దెలుపునేగాని ఉపయోగమును దెలుపవు. ఇక దేశమును ఇంటర్నెట్ చిరునామాను బట్టి నిర్ణయింతురు గనుక, పరదేశపు సర్వరు గుండ పనిచేయువాడు ఆ దేశపు లెక్కలో జేరును. నూరుగురికంటె తక్కువమంది యున్నచోట ఆ దేశపు సంఖ్యను ప్రకటింపనే ప్రకటింపరు.

వీనికంటెను మనకు ముఖ్యమైన లోపమొకటి కలదు. హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థవారు లినక్సుపై తెలుగు నిర్వహణవ్యవస్థను వెలువరించిరి. అట్టి తెలుగుసేత యంతయు "భారతదేశము" అను నొక్క గడిలో గలిసిపోవును. అమెరికాలోని తెలుగువాని కృషి అమెరికా గడిలో జేరును. ఏ భాష కెంత మేలు జరిగెనో ఆ పట్టిక చెప్పజాలదు.

కావున సోదర విద్యార్థులారా, పట్టికలోని స్థానమును జూచి పొంగనువలదు, క్రుంగనువలదు. ఏమి లెక్కించిరి, దేనితో భాగించిరి, ఎవరిని విడిచిరి అని మున్ముందు అడుగుడు. మనలో నొక్కడు ఒక తెలుగుమాటను సరిదిద్ది పంపినను, అది యే పట్టికకు నెక్కకపోయినను, చదువువాని కక్కరకు వచ్చును.