విని వ్రాద్దామా?

పిల్లలూ! ఒక అబ్బాయి మామయ్యకు ఉత్తరం వ్రాస్తూ, "తాతగారికి కళ్ళు ఆనడం లేదు" అనడానికి బదులు "కల్లు ఆనడం లేదు" అని వ్రాశాడనుకోండి. మామయ్య ఏమనుకుంటాడు? పాపం, తాతగారి పరువు ఏం కావాలి!

ఈ తేడా శ్రద్ధగా వింటే చెవికి తెలుస్తుంది. కాని "అర్థం", "అర్ధం" అన్న మాటల సంగతేమిటి? మొదటిది భావం, రెండవది సగం. "థ" పొట్టలో చుక్క ఉంటుంది, "ధ"కు ఉండదు. వేగంగా పలికితే రెండూ ఒకేలా వినిపిస్తాయి. ఒంటి మాట చెప్పి వ్రాయమంటే ఎవరికైనా చిక్కే. అదే, "అర్ధగంట చదివితే పాఠం అర్థమైంది" అని వాక్యం చెబితే, ఎక్కడ ఏ అక్షరమో భావమే చెబుతుంది. బడిలో డిక్టేషన్, ఉక్తలేఖనం అనేది ఇదే.

రోజూ అమ్మనో అన్ననో మీ పాఠంలోనుంచి ఐదు వాక్యాలు చెప్పమనండి. వాక్యమంతా విన్నాకే కలం కదపండి. తరువాత పుస్తకం చూసి మీరే దిద్దుకోండి. తప్పిన మాటతో కొత్త వాక్యం అల్లి, మరునాడు మళ్ళీ చెప్పించుకోండి.

పెద్దలకు ఒక మనవి: ఒత్తులు స్పష్టంగా పలకండి, తప్పుకు మొట్టికాయ వేయకండి.

ఇవాళ్టి వాక్యం ఇదిగో: "రాత్రి కలలో నేను చిత్రకళ నేర్చుకున్నాను." మీ చెల్లెలికి చెప్పి చూడండి!